మా ఆయన దిద్దిన పుట్టినరోజులు

మా ఆయన మణిశంకర్ గారికి బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్న ఒకే ఒక్క జబ్బు దిద్దడం. హోటల్లో కూర్చుంటే ముందు మెనూ కార్డులో తప్పులు పెన్నుతో సరిచేసి, తర్వాతే ఇడ్లీ చెబుతారు. పెళ్ళికి వెళితే గేటు దగ్గర ఫ్లెక్సీ ముందు నిలబడిపోతారు. నేను మున్సిపల్ స్కూల్లో సోషల్ చెబుతాను. దిద్దడం నా ఉద్యోగం. అయినా బడి గంట కొట్టాక నా ఎర్ర పెన్ను సంచిలోకి పోతుంది. ఆయన పెన్నుకి మూత లేదు.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. రాజమండ్రి దానవాయిపేటలో ఆయనకి ముప్పై ఏళ్ళుగా డిటిపి కొట్టు ఉంది. తొంభై ఎనిమిదిలో అక్కడ తయారైన ఒక శుభలేఖలో తారీకు సరిగానే పడింది, వారం మాత్రం బుధవారానికి బదులు గురువారమని పడింది. తారీకు చూసినవాళ్ళు సమయానికే వెళ్ళారు. వారం చూసినవాళ్ళు మర్నాడు వెళ్ళారు. పెళ్ళికూతురి మేనమామ యానాం నుంచి కొత్త బట్టలతో దిగేసరికి పందిరి విప్పుతున్నారట. ఆ పెద్దమనిషి తిన్నగా మా కొట్టుకి వచ్చి, ఒక్క మాటైనా తిట్టకుండా, కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే ఈయన బాగుపడేవారేమో. ఆ రోజు నుంచి ఈయనకి తన టైపింగ్ మీద నమ్మకం పోయింది.

ఆ రోజుల్లోనే సాయంత్రాలు గట్టు టీవీలో కూడా పనిచేసేవారు. అది ఊళ్ళో కేబుల్ వాళ్ళు నడుపుకున్న చిన్న ఛానెల్, రెండు గదులూ ఒక కెమెరా. ఆదివారం పొద్దున్న ‘పిల్లల పడవ’ అని గంటసేపు కార్యక్రమం వచ్చేది. అట్టముక్కలతో చేసిన పడవలో చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు పాడించేవారు, ఎక్కాలు చెప్పించేవారు. అది కాక రోజూ సాయంత్రం స్క్రీన్ అడుగున పుట్టినరోజు శుభాకాంక్షలు పరుగెత్తేవి. ఇంట్లోవాళ్ళు పోస్టుకార్డు మీద పిల్ల పేరు, ఊరు, పుట్టినరోజు, చెప్పేవారు ఎవరో రాసి పంపితే ఈయన టైపు చేసేవారు. రెండు వేల మూడులో ఓనరు గారు సరదాపడి ఛానెల్‌కి ఒక వెబ్‌సైట్ పెట్టించారు. ఈ శుభాకాంక్షలన్నీ ఈయన అందులోకి కూడా ఎక్కించి, దానికి ‘పుట్టినరోజుల పేజీ’ అని పేరు పెట్టారు. నాలుగేళ్ళకి ఛానెల్ మూతపడింది. దానితో పాటే వెబ్‌సైటూ పోయింది.

పోయిందనే అనుకున్నాను నేను. రెండేళ్ళ క్రితం ఆ ఛానెల్ ఉన్న మేడ పడగొడుతున్నారని తెలిసి ఈయన పరుగెత్తారు. సాయంత్రానికి రెండు గోనెసంచుల వీడియో క్యాసెట్లతో ఆటో దిగారు. మా గోదావరి గాలికి అప్పడాలకే బూజు పడుతుంది, ఇక క్యాసెట్ల సంగతి చెప్పాలా? ఒక్కోటీ విప్పి, బూజు తుడిచి, కాకినాడలో ఎక్కడో సంపాదించిన పాత వీసీఆర్‌లో పెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి రోజంతా పట్టేది. తేమ తగలకూడదని తుడిచినవాటిని కవర్లలో కట్టి నా బియ్యం డ్రమ్ములో పెట్టారు. గ్లాసుతో బియ్యం తీద్దామని చెయ్యి పెడితే క్యాసెట్ తగిలేది. ఆ తర్వాత మా ఇంట్లో మాటలు ఎలా ఉండేవో రాయక్కర్లేదు.

పోనీ ఆ క్యాసెట్లలో ఏమైనా తిన్నగా ఉందా అంటే అదీ లేదు. అప్పట్లో కొత్త టేపు కొనలేక పాతదాని మీదే మళ్ళీ రికార్డు చేసేవారు. అట్టపడవలో నిక్కరు పిల్లాడొకడు ఏడో ఎక్కం చెబుతూ ఏడార్లు దగ్గరికి వచ్చేసరికి అన్నవరంలో సామూహిక వ్రతాలు మొదలవుతాయి. వాడు నలభై రెండు అన్నాడో, ఇంకేమన్నా అన్నాడో మాకు ఇప్పటికీ తెలియదు. ఎవరి కోసమండీ ఇదంతా అని అడిగితే, ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు ఉమా అనేవారు. రెండేళ్ళలో ఒక్కరూ రాలేదు.

ఈలోపు ఆయనకి ఇంకో సంగతి తెలిసింది. పోయిన వెబ్‌సైట్లను దాచిపెట్టే ఆర్కైవ్ ఒకటి ఉందట. అందులో వెతికితే గట్టు టీవీ సైటు కొన ఊపిరితో దొరికింది. బొమ్మలు లేవు, పాటలు లేవు. పుట్టినరోజుల పేజీ మాత్రం మూడేళ్ళది ఉంది. తీరా తెరిస్తే అందులో తెలుగు లేదు. ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు కనబడాలంటే ప్రత్యేకమైన ఫాంటు ఉండాలి. అది లేకపోతే అదే పేజీ ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు కలిపి చల్లినట్టు ఉంటుంది. నాకు చూడగానే తల తిరిగింది. ఈయన మాత్రం ఆ చెత్తని పక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ మీట నొక్కితే వచ్చేదో వేళ్ళతో గుర్తు తెచ్చుకుంటూ, ఎనిమిది నెలలు కూర్చుని పదకొండు వందల మంది పిల్లల పేర్లు మళ్ళీ మామూలు తెలుగులో టైపు చేశారు. సొంతంగా ఒక సైటు పెట్టి ఎక్కించారు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

కానీ ఆ టైపు చేసేటప్పుడే జబ్బు తిరగబెట్టింది. ఒకే పిల్ల, ఒకే ఊరు, చెప్పేవారు ఒకరే, పుట్టినరోజు మాత్రం ఏడాదికొకటి. ఒకరూ ఇద్దరూ కాదు, ముప్పై ఏడు మంది అలా తేలారు. "చూశావా ఉమా, ఎంత ఘోరంగా కొట్టానో" అని సిగ్గుపడిపోయి, వాళ్ళందరికీ మొదటి ఏడాది పడిన తారీకునే మిగతా ఏళ్ళకీ వేసేశారు. వేసి నాకు చూపించారు. నేనూ చూసి, ఇప్పుడు బాగుందండీ అన్నాను. కాబట్టి జరిగినదానిలో నాకూ వాటా ఉంది.

మొన్న సెప్టెంబర్ ఏడో తారీకు ఆదివారం, కొట్లో నేను కూడా ఉన్నాను. ముప్పై ఏళ్ళలోపు అమ్మాయి స్కూటీ దిగి లోపలికి వచ్చింది. చేతిలో చిన్న కేకు డబ్బా ఉంది.

"మణిశంకర్ గారంటే మీరేనాండీ? నా పేరు దుర్గాశ్రీ అండి. మా పుట్టిల్లు కడియపులంక. గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నానండి. మీ పుట్టినరోజుల పేజీలో నా పేరుందండి."

ఈయన లేచి నిలబడ్డారు. రెండేళ్ళకి ఒకరు వెతుక్కుంటూ వచ్చారు మరి.

"మా అమ్మ నా తొమ్మిదో ఏట పోయిందండి. సర్టిఫికెట్లో నా పుట్టినరోజు జూన్ పది. అది బళ్ళో చేర్చినప్పుడు హెడ్మాస్టరు గారు వేసిందని నాకు తెలుసండి. అసలుదెప్పుడో నాన్నని ఎన్నిసార్లడిగినా, నాకేం తెలుసమ్మా, అవన్నీ మీ అమ్మకే తెలుసు అంటారండి. మా పాపకి ఐదేళ్ళు. అందరికీ బర్త్‌డే ఉంది, నీకెందుకు లేదమ్మా అంటుందండి. ఆఫీసులో రోజూ ఊరందరి పుట్టిన తేదీలూ ఎక్కిస్తుంటాను కదండీ, నాది నాకు తెలీదండి" అంది.

జూన్ పది అనగానే నేను తల దించుకున్నాను. మా రిజిస్టర్లు తెరిస్తే సగం ఊరు జూన్‌లోనే పుట్టింది. పిల్ల పుట్టినరోజు తల్లికి తారీకుగా తెలియకపోతే, బళ్ళు తెరిచే నెలలో చేతికొచ్చిన తారీకు వేసెయ్యడం మాకు అలవాటు. నేనూ ఎంతమందికి వేశానో.

"మీ పేజీలో సెప్టెంబర్ రెండు అని చూశానండి. మూడేళ్ళూ అదే తారీకు, చెప్పేవారు అమ్మ అని ఉందండి. మొన్న మంగళవారం కేకు కట్ చేశానండి. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. మీకివ్వాలని ఒక ముక్క దాచానండి" అంటూ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఈయన ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డారు. కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. నేనే ఏదో మాట్లాడి, ఫోన్ నంబరు తీసుకుని పంపించాను. ఆ అమ్మాయి వెళ్ళగానే ఈయన కంప్యూటర్ ముందు కూర్చుని ఆర్కైవ్‌లో ఉన్న పాత పేజీలు తెరిచారు. ఒక్కో గుర్తూ చదువుతూ కాగితం మీద రాశారు. రెండు వేల మూడులో సెప్టెంబర్ రెండు. రెండు వేల నాలుగులో సెప్టెంబర్ ఇరవై. రెండు వేల ఐదులో సెప్టెంబర్ తొమ్మిది. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అవే వచ్చాయి.

"వీటిలో ఏది నిజం ఉమా?"

"నాకేం తెలుసండీ? మొదటిదే నిజమేమో. తర్వాత రెండూ మీరే తప్పు కొట్టారేమో."

"ఏమో అంటే ఎలా?"

"ఆ పిల్ల సంతోషంగా ఉంది. కేకు కూడా కోసుకుంది. ఇప్పుడు మీరు వెళ్ళి కెలక్కండి, మీకు పుణ్యముంటుంది."

"అది నేను వేసిన తారీకు. వాళ్ళమ్మ వేసింది కాదు" అన్నారు. కేకు ముట్టుకోలేదు. ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజులు దాన్ని చూస్తూ తిరిగారు. బుధవారం నాడు ఉండబట్టలేక ఫోన్ చేసి రమ్మన్నారు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది దుర్గాశ్రీ. ఈయన కాగితం ముందు పెట్టి జరిగిందంతా చెప్పారు. చెప్పడం కూడా వరసగా చెప్పలేదు. ఫాంటు దగ్గర మొదలుపెట్టి, యానాం మేనమామ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ ఫాంటు దగ్గరికి వచ్చారు. ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"అంటే నేను కోసిన కేకు మీ టైపింగ్ తప్పుకాండీ?"

"తప్పని కూడా చెప్పలేనమ్మా. మొదటి ఏడాది నిజంగానే రెండో తారీకని ఉంది. మిగతావి..."

"మరి మీకు తెలియనప్పుడు ఎందుకు మార్చారండీ? ఉన్నది ఉన్నట్టు పెట్టొచ్చు కదండీ. నేను పాపకి చెప్పేశాను. దాని స్కూల్లో టీచరుక్కూడా చెప్పేసింది. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి, కాదమ్మా, ఇరవయ్యో, తొమ్మిదో, నాకు తెలీదమ్మా అని చెప్పాలా?"

మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు మాణిక్యాంబ గారు అప్పుడు తల ఎత్తారు. ఎనభై మూడేళ్ళు. చెవి సరిగా వినబడదంటారు గానీ వినాలనుకున్నది వింటారు.

"ఒరే మణీ, ఆ తారీకులు మళ్ళీ చదువు."

చదివారు.

"మొదటిది పుష్కరాల ఏడు కదూ?"

"అవునమ్మా. రెండు వేల మూడు."

"ఆ మర్సటేడు అధిక శ్రావణం వచ్చింది. వచ్చిందా లేదా? చవితి బాగా ఆలస్యమైపోయింది. పద్ధెనిమిది రోజులు ముందుకెళ్ళింది, ఆ తర్వాతేడు పదకొండు రోజులు వెనక్కొచ్చింది. నువ్వేం తప్పు కొట్టలేదురా. వాళ్ళమ్మ తిథి ప్రకారం రాసింది. ఆ మూడేళ్ళూ వినాయక చవితి ఎప్పుడొచ్చిందో చూడు."

ఈయన ఫోన్లో వెతికారు. ఆగస్టు ముప్పై ఒకటి, సెప్టెంబర్ పద్ధెనిమిది, సెప్టెంబర్ ఏడు. మూడేళ్ళూ చవితి వెళ్ళిన రెండో రోజే ఆ అమ్మాయి పుట్టినరోజు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన పుట్టినరోజు కూడా ఏటా తిథి ప్రకారమే చేస్తారు మా అత్తగారు. పంచాంగం చూసి, తలంటి పోసి, పాయసం వండి పెడతారు. యాభై ఆరేళ్ళుగా ఆ పాయసం తింటున్న మనిషికి, ముప్పై ఏడు మంది పిల్లల తారీకులు ఏటా మారుతుంటే ఈ సంగతి తట్టలేదు. నేనూ పక్కనే కూర్చుని బాగుందండీ అన్నదాన్నే. ఇంట్లో తిరిగే బుర్ర వేరు, కంప్యూటర్ ముందు కూర్చునే బుర్ర వేరు కాబోలు.

"చవితి వెళ్ళిన రెండో రోజు" అని దుర్గాశ్రీ నెమ్మదిగా అంది. "మా అమ్మ అలాగే అనేదండి. ఏదైనా అలాగే చెప్పేది. అట్లతద్ది ముందు రోజు, సుబ్బారాయుడి షష్ఠి వెళ్ళాక అని." కోపం పోయింది. కాగితం దగ్గరికి లాక్కుని మూడు తారీకుల మీదా వేలు పెట్టి చూసుకుంది. మూడో దాని దగ్గర వేలు ఆగింది.

"ఇది రెండు వేల ఐదాండీ? సరిగ్గా చూశారాండీ?"

"చూశానమ్మా."

"ఆ ఏడు ఆషాఢంలోనే అమ్మ పోయిందండి. సెప్టెంబర్‌కి అమ్మ లేదు."

ఈయన మళ్ళీ పాత పేజీ తెరిచారు. దుర్గాశ్రీ, కడియపులంక, సెప్టెంబర్ తొమ్మిది. చెప్పేవారు, అమ్మ. పైన సంవత్సరం రెండు వేల ఐదు.

ఇక మా ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పడం మొదలైంది. అంతకు ముందేడు కార్డే మళ్ళీ టైపు చేశానేమోనని ఈయన. అయితే తారీకు ఇరవై పడాలి కదా, తొమ్మిది ఎలా పడిందని నేను. పోయే ముందే రాసి పెట్టుకుందేమో, ఎవరైనా తర్వాత పోస్టులో వేశారేమోనని మా అత్తగారు. ఆ మాట దుర్గాశ్రీ గట్టిగా పట్టుకుంది. "అవునండి, అమ్మ అలాంటిదేనండి, రాసే ఉంటుంది" అంది. కాసేపటికి మళ్ళీ తనే, "కానీ అమ్మ రెండు నెలలు హాస్పిటల్లోనే ఉందండి. లేచి కూర్చోలేకపోయేది" అంది. ఈయన ఆ కార్డుని గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నారు. అన్ని వందల కార్డులు టైపు చేసిన మనిషికి ఇరవై ఏళ్ళ కిందటి కార్డు ఏం గుర్తొస్తుంది? పుట్టినరోజు ఎప్పుడో తేలింది అనుకుంటే చెప్పిందెవరో తెలియకుండా పోయింది. పొరపాటున పడిన పేరైతే అసలీ లెక్కంతా ఎంతవరకు నమ్మాలో కూడా మాకు తెలియలేదు.

"నాన్ననే అడగాలండి. ఒక్కదాన్నే అడగలేను. మీరూ రండి" అంది.

పధ్నాలుగో తారీకు ఆదివారం పొద్దున్న ముగ్గురం కడియపులంక వెళ్ళాం. వాళ్ళ నాన్న చంద్రరావు గారు కాలవ పక్కన ఒక నర్సరీలో పనిచేస్తారు. చుట్టూ గులాబీ అంటుమొక్కలు. ఆయన గోనెపట్టా మీద కూర్చుని నల్లకవర్లలో మట్టి నింపుతున్నారు. ఎండకి కమిలిన మనిషి, మాట తక్కువ. మమ్మల్ని చూసి లేచి, చేతులు దులుపుకుని, కూర్చోండి బాబూ అని రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు.

దుర్గాశ్రీ చుట్టూ తిప్పలేదు.

"నాన్నా, నా పుట్టినరోజు చవితి వెళ్ళిన రెండో రోజా?"

ఆయన మళ్ళీ పట్టా మీద కూర్చున్నారు. ఒక కవరు తీసుకుని అందులో మట్టి వేశారు. సగం నిండాక ఆపేశారు.

"ఎవరు చెప్పారమ్మా?"

"టీవీ వాళ్ళ పేజీలో ఉంది. అమ్మ పోయాక కూడా ఒక ఏడు పడింది. అమ్మ చెప్పినట్టే పడింది. ఆ కార్డు ఎవరు రాశారు నాన్నా?"

"నేనే రాశాను."

"నీకు తెలీదన్నావు! ఇన్నేళ్ళూ అడిగితే తెలీదన్నావు."

"తెలుసమ్మా."

"మరి అమ్మ అని ఎందుకు రాశావు?"

"ఏటా అలాగే కదా పడేది. నాన్న అని పడితే అమ్మ గుర్తొచ్చి ఏడుస్తావనుకున్నాను. ఉన్నట్టే ఉంటుందిలే అని అలాగే రాశాను." ఆయన మా వైపు చూడకుండా మట్టి వైపే చూస్తూ మాట్లాడుతున్నారు. "నువ్వు టీవీలో చూసి ఒకటే గంతులు. అమ్మ ఎక్కడో ఉంది నాన్నా, టీవీవాళ్ళకి ఉత్తరం రాసింది, వచ్చేస్తుంది అన్నావు. నేను కాదని చెప్పలేకపోయాను. కొత్త గౌను వేసుకుని రోడ్డు మీదకెళ్ళి నిలబడ్డావు. రావులపాలెం నుంచొచ్చే ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళడం, దిగినవాళ్ళని చూడడం, వెనక్కి రావడం. చీకటి పడ్డాక ఎత్తుకుని తీసుకొచ్చాను. జ్వరం తగిలి నాల్రోజులు లేవలేదు. తగ్గాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నువ్వు. మర్చిపోయావు. నేనూ ఎత్తలేదు. ఆ రోజంటూ ఒకటుందని నీకు తెలియకపోతేనే మంచిదనుకున్నాను."

"నాకేం గుర్తు లేదు నాన్నా. గౌను కూడా గుర్తు లేదు."

"అదే మంచిదమ్మా."

దుర్గాశ్రీ ఆయన పక్కనే మట్టిలో కూర్చుంది. ఈ ఇరవై ఏళ్ళూ కూతురు అడిగినప్పుడల్లా ఈ మనిషి ఇదంతా మింగి, నాకేం తెలుసమ్మా అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన ఏం చెయ్యాలో తోచక, తనకి తెలిసిన పని చేశారు.

"ఏ సంవత్సరమండీ అమ్మాయి పుట్టింది?"

"తుఫాను ఏడండి. తుఫానుకి దీనికి రెండు నెలలు నిండలేదు."

ఈయన ఫోన్లో తొంభై ఆరు పంచాంగం వెతికి, "సెప్టెంబర్ పద్ధెనిమిది. ఈ గురువారమే" అన్నారు. స్కూల్లో వేసిన జూన్ పది, కేకు కోసిన సెప్టెంబర్ రెండు, తిథి ప్రకారం ఈ ఏడు ఎప్పుడో వెళ్ళిపోయిన ఆగస్టు ఇరవై తొమ్మిది, ఇప్పుడిది. ఒక్కటీ లేదనుకున్న పిల్లకి నాలుగు తేలాయి. ఆమె వినిపించుకోనేలేదు. తండ్రి ముఖంలోకే చూస్తోంది.

"ఆగస్టు ఇరవై తొమ్మిదిన నువ్వు మా ఇంటికొచ్చావు. మందార మొక్క తెచ్చావు. ఏంటి నాన్నా పనిరోజు వచ్చావంటే, నర్సరీలో మిగిలిపోయిందమ్మా అన్నావు."

ఆయన సగం నిండిన కవరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"పోయినేడు నందివర్ధనం తెచ్చావు. అప్పుడూ మిగిలిపోయిందన్నావు. అంతకు ముందేడు కూడా. ఏటా చవితి వెళ్ళాకే వస్తావు. ఆ రోజేనా నాన్నా? ఏటా ఆ రోజేనా?"

ఆయన తల ఊపారు. కూతురు ఆయన మట్టిచెయ్యి పట్టుకుంది. మేం ఇద్దరం కుర్చీల్లో, లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉన్నాం. నేను లేద్దామని ఈయన మోచేయి తట్టాను. ఈయన లేవలేదు. గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు నాకు తెలుసు. వద్దండీ అని కళ్ళతో చెప్పాను. వినలేదు.

"చంద్రరావు గారూ, మిగతావన్నీ పాత పేజీలో ఉన్నట్టే మళ్ళీ పెట్టేస్తానండి. అందరివీ. ఆ మూడో ఏడు మాత్రం, చెప్పేవారి దగ్గర అమ్మ అని ఉంది కదండీ. రాసింది మీరు కాబట్టి, అక్కడ నాన్న అని మార్చమంటారా?"

"వద్దండి బాబూ" అన్నారు చంద్రరావు గారు. "పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుని, చవితి వెళ్ళిన రెండో రోజు, కార్డు వెయ్యడం మర్చిపోకు అని చెప్పింది మా ఆవిడేనండి. నేను రాశానంతే."